మూడో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు: సోమవారం నుంచే మొదలు, ఎలా చేయాలి?

కేఆర్‌పురం టీచర్ | ఆగస్టు 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బెంగళూరు కేఆర్ పురం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి క్లాస్ టీచర్‌ని. మాది చిత్తూరు జిల్లా, పెళ్లయి ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది. క్లాసులో 36 మంది పిల్లలు. సగం మంది ఇళ్లలో తెలుగు, మిగతావాళ్లు కన్నడ, తమిళం, హిందీ.

మా మేనేజ్‌మెంట్ వాళ్లు మూడో తరగతికని 12 ట్యాబ్‌లు కొన్నారు. శుక్రవారం సాయంత్రం అట్టపెట్టెలు తెచ్చి స్టాఫ్‌రూమ్ బీరువాలో పెట్టి, సోమవారం నుంచి వాడండి మేడమ్ అన్నారు. ఏ పాఠానికి, ఎంతసేపు, ఎవరి చేతికి అన్నది ఎవరూ చెప్పలేదు.

ఇంతకుముందు పనిచేసిన స్కూల్లో ఇలాగే జరిగింది. మొదటి వారం పిల్లలకు పండగ. రెండో వారం ఎవరికి వాళ్లు ఏదో వీడియో చూస్తూ కూర్చున్నారు. మూడో నెలకల్లా సగం వాటికి ఛార్జింగ్ లేదు, మిగతావి ఆఫీసు రూములోకి వెళ్లిపోయాయి. ఈసారి అలా కాకూడదని నాకు గట్టిగా ఉంది. పిల్లలకు ఎనిమిదేళ్లు. వాళ్ల ఏడాది మళ్లీ రాదు. చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

వైట్‌ఫీల్డ్ నాన్న | ఆగస్టు 2, రాత్రి 10:15

మేడమ్, పాఠం సంగతి టీచర్లు చెప్తారు, నేను సామాను సంగతి చెప్తాను. ఆఫీసులో ఇలాంటివే వందల కొద్దీ సెట్ చేస్తుంటాను.

సోమవారం పిల్లల చేతికి ఇవ్వకండి, ఇంకో రెండు రోజులు అడగండి. పన్నెండింటికీ స్కూలు పేరు మీదే అకౌంట్ ఉండాలి, మీ సొంత మెయిల్ పెట్టొద్దు. ఒక్కోదాని వెనక 1 నుంచి 12 దాకా పెద్ద అంకె స్టిక్కర్ అంటించండి. సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేసి పిన్ నంబరు పెడితే మీరు తెరిచిన యాప్‌లోంచి పిల్లలు బయటికి పోలేరు. ఐప్యాడ్ అయితే ఇదే పనికి గైడెడ్ యాక్సెస్ ఉంటుంది. అక్కర్లేని యాప్‌లన్నీ తీసేయండి. కెమెరా, వాయిస్ రికార్డర్, ఒక డ్రాయింగ్ యాప్, లెక్కలకో చదువుకో ఒకటి ఉంటే మొదటి నెలకు చాలు.

వైఫై మీద ఆధారపడొద్దు. పన్నెండూ ఒక్కసారిగా వీడియో అడిగితే మామూలు రౌటర్ ఆగిపోతుంది, క్లాసు మొత్తం తిరుగుతున్న గుండ్రం చూస్తూ కూర్చుంటుంది. కావలసినవి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఛార్జింగ్ ఎవరి బాధ్యతో మొదటి రోజే తేల్చుకోండి. ఇంతకుముందు మీ స్కూల్లో ఆగిపోయింది ఇక్కడేనని నాకనిపిస్తోంది. ఛార్జర్లు పాడైతే ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి కానీ మరీ చవకవి మాత్రం కొనకండి, పిల్లలున్న గదిలో పెట్టేవి.

హొరమావు అమ్మ | ఆగస్టు 2, రాత్రి 10:52

నేను ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. అసలెందుకు?

మా అబ్బాయి 2020లో ఒకటో తరగతి. ఏడాదిన్నర ఫోన్లోనే బడి. చిన్నపిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు వద్దని ఆ జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం ఆపేసింది, జులైలో హైకోర్టు ఆ ఆదేశం మీద స్టే ఇచ్చింది. మళ్లీ క్లాసులు మొదలయ్యాయి. కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు సెషన్లకు మించొద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలేనని రాశారు. వాడు మాత్రం నాలుగు గంటలు కూర్చునేవాడు. బడి తెరిచాక పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు నొప్పి అని ఏడ్చాడు. అక్షరం గీతలో నిలబడటానికి ఒక ఏడాది పట్టింది. ఇప్పుడు ఫోన్ మాన్పించడానికి ఇంట్లో రోజూ యుద్ధమే. బడికి పంపేది ఆ కాసేపైనా స్క్రీన్ లేకుండా ఉంటాడని. అక్కడా అదే ఇస్తే మేమేం చేయాలి?

అనంతపురం మాస్టారు | ఆగస్టు 3, ఉదయం 6:20

అమ్మా, మీ బాధలో న్యాయం ఉంది. నేను అనంతపురం జిల్లాలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. ఇప్పుడు మారతహళ్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నా సర్వీసులో బడికి రేడియో వచ్చింది, టీవీ వచ్చింది, కంప్యూటర్లు వచ్చాయి. మూడింటికీ ఒకటే గతి పట్టింది. ఎందుకంటే వాటి ముందు పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పలక అలా కాదు. పలక ముందు ఎవరూ ఊరికే కూర్చోరు, దాని మీద ఏదో ఒకటి చేస్తారు. కాబట్టి టీచరమ్మకు నేను చెప్పేది ఇదే. ట్యాబును టీవీలా ఇవ్వొద్దు, పలకలా ఇవ్వండి.

ఈ ఊరికి ఇది కొత్త కూడా కాదు. చేతిలో పట్టుకునే కంప్యూటరు సామాన్యుడికి అందాలని ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిసి సింప్యూటర్ అని తయారుచేశారు. 2004లో ఇక్కడి ప్రభుత్వ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) దాన్ని అమిదా పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఎక్కువ అమ్ముడుపోలేదు కానీ అందులో ఒక ఆలోచన నాకు ఇప్పటికీ ఇష్టం. మనిషికొకటి కొనక్కర్లేదు. ఒకే యంత్రం ఊళ్లో పదిమంది వాడుకోవచ్చు, ఎవరి వివరాలు వాళ్ల స్మార్ట్ కార్డులో ఉంటాయి. మీ దగ్గర 36 మందికి 12 ఉన్నాయంటే అది కొరత అనుకోవద్దమ్మా.

ఇక పలక చేయలేనిది ఏమిటో చూడండి. పలక మీద రాసింది తుడిస్తే పోతుంది. ట్యాబుకు జ్ఞాపకం ఉంటుంది. జూన్‌లో పిల్ల ఎలా చదివిందో డిసెంబరులో ఆ పిల్లకే వినిపించవచ్చు. నిన్నటి మొలక ఎంత ఉందో ఇవాళ్టి మొలక పక్కన పెట్టి చూపించవచ్చు. ఇది కావలసిన పాఠానికే దాన్ని బయటికి తీయండి. మిగతా పాఠాలకు పుస్తకం, పలక, మీ గొంతు చాలు.

పెరంబూర్ టీచర్ | ఆగస్టు 3, ఉదయం 8:05

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నేను చెన్నైలో ప్రైమరీ స్కూల్లో పనిచేస్తాను, మాది నెల్లూరు.

తమిళనాడులో ఒకటి నుంచి మూడు తరగతులకు 2022లో ఎణ్ణుం ఎళుత్తుం (అంకెలూ అక్షరాలూ) అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. కరోనాలో పోయిన చదువు, లెక్క తిరిగి రావాలని. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, ఇప్పుడు ఎంత వచ్చో చూసి గుంపులు చేస్తాం. తర్వాత ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల టీచర్లకు ట్యాబ్‌లు కూడా ఇచ్చారు. పిల్లలకు కాదు, టీచర్లకు. నా అనుభవంలో ముందు టీచరు చేతికి రావడమే మంచిది. మేడమ్, మీరు ఒకటి ఇంటికి తీసుకెళ్లి వారం రోజులు మీరే వాడండి. అందులో ఎక్కడ తప్పటడుగు పడుతుందో మీకు తెలిస్తేనే పిల్లలకు చెప్పగలరు.

ముగ్గురికి ఒకటి అన్నది నాకు నచ్చింది. కానీ ఊరికే ముగ్గురి మధ్య పెడితే చురుకైన పిల్ల లాక్కుంటుంది, మిగతా ఇద్దరూ తొంగి చూస్తారు. పనులు పంచండి. ఒకరు పట్టుకుంటారు, ఒకరు ఏం చేయాలో చెప్తారు, ఒకరు నోటుబుక్కులో రాస్తారు. ఏడు నిమిషాలకోసారి గంట కొట్టి మార్చండి. పట్టుకున్న పిల్ల, చెప్పే పిల్ల చెప్పనిది నొక్కకూడదు. ఈ ఒక్క నియమంతో క్లాసులో మాట పెరుగుతుంది, అదే మనకు కావాలి.

ఇంకో సంగతి. 36 మంది ఒకేసారి ట్యాబుకు చదివి వినిపిస్తే దానికి ఎవరి గొంతూ అర్థం కాదు. రీడ్ అలాంగ్ లాంటి, పిల్లలు పైకి చదివితే వినే యాప్‌లు బాగుంటాయి, తెలుగు కూడా ఉంది, కానీ నిశ్శబ్దం కావాలి. వరండాలోకి ఇద్దరిద్దరిని పంపించాలి.

వైట్‌ఫీల్డ్ నాన్న | ఆగస్టు 3, ఉదయం 10:30

హొరమావు అమ్మ గారి ప్రశ్నకు కూడా జవాబు ఉండాలి కదా. నేను చదివినవి రెండు చెప్తాను.

పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు లక్షల్లో చిన్న ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 స్కూళ్లలో 15 నెలల తర్వాత పరీక్షించి చూస్తే లెక్కల్లో, భాషలో తేడా ఏమీ కనిపించలేదని 2012లో బయటపెట్టారు. మన ఢిల్లీలో 2015లో మైండ్‌స్పార్క్ అనే చదువు సాఫ్ట్‌వేరు మీద జరిగిన పరిశోధనలో మాత్రం నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో గట్టి మెరుగు కనిపించింది. అక్కడ సాఫ్ట్‌వేరు ప్రతి పిల్లవాడికి వాడి స్థాయి నుంచే పాఠం మొదలుపెట్టింది, రోజూ సగం సమయం చిన్న గుంపులతో మనిషి కూడా కూర్చుని చెప్పారు. వాళ్లు పెద్ద పిల్లలు, హైస్కూల్ వైపు వాళ్లు, కాబట్టి మూడో తరగతికి అలాగే వర్తిస్తుందని అనను. కానీ యంత్రం పంచినంత మాత్రాన చదువు రాదన్నది మాత్రం రెండూ చెప్తున్నాయి.

హొరమావు అమ్మ | ఆగస్టు 3, మధ్యాహ్నం 1:10

అందరూ ఓపికగా చెప్పారు, థాంక్స్. రోజూ కాదు, ముగ్గురికి ఒకటి, వీడియోలు లేవు అంటే నేను కొంత ఒప్పుకుంటాను. కానీ ఫోటోలు, గొంతులు రికార్డు చేస్తారు కదా, అవి ఎక్కడికి పోతాయి? మా పిల్లల మొహాలు ఎవరి సర్వర్లో ఉంటాయి? ఇది స్కూలు వాళ్లను అడిగితే అడిగినవాళ్లను వింతగా చూస్తారు.

వైట్‌ఫీల్డ్ నాన్న | ఆగస్టు 3, మధ్యాహ్నం 2:00

అడగాల్సిందే అండి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటోంది. పిల్లల్ని ట్రాక్ చేయడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించడం వద్దంటోంది. టీచర్ గారూ, క్లౌడ్ బ్యాకప్ ఆపేయండి. రికార్డింగులు ట్యాబులోనే ఉండాలి, పేరు బదులు రోల్ నంబరు పెట్టండి. మొహాలు పడకుండా చేతులు, వస్తువులే ఫోటో తీయించండి. ఇంటికి ఒక అనుమతి కాగితం పంపండి, వద్దన్నవాళ్ల పిల్లలు రాసే పని చేస్తారు.

జయనగర్ కంటి పరీక్షలు | ఆగస్టు 3, సాయంత్రం 5:45

నేను ఆప్టోమెట్రిస్టుని. రోజూ ఏడెనిమిదేళ్ల పిల్లలకు కళ్లజోడు రాస్తున్నాను, అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

ట్యాబ్ కళ్లకు మోచేతి దూరం కంటే దగ్గరగా రాకూడదు. ఇరవై నిమిషాలకోసారి కిటికీలోంచి ఇరవై అడుగుల అవతల చెట్టునో గోడనో ఇరవై సెకన్లు చూడమనండి. అంతకంటే ముఖ్యమైనది ఎండ. చైనాలో గ్వాంగ్‌జౌ ఊళ్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట క్లాసు పెట్టారు. మూడేళ్ల తర్వాత హ్రస్వదృష్టి మొదలైనవాళ్లు వాళ్లలో 30 శాతం, మామూలుగా చదివినవాళ్లలో 39 శాతానికి పైన. అంటే బయట గడిపిన సమయానికి ఆ ఫలితం ఉంది. మీరు ట్యాబును గదిలో కాకుండా ఆవరణలో వాడే పని ఏదైనా పెట్టగలిగితే నేను చాలా సంతోషిస్తాను. హెడ్‌ఫోన్లు పెడితే శబ్దం తగ్గించి లాక్ చేయండి.

అనంతపురం మాస్టారు | ఆగస్టు 3, రాత్రి 7:30

ఆరుబయట అన్నారు కాబట్టి ఒకటి తట్టింది. బెంగళూరు మీద సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఏప్రిల్ 24, 25 తేదీల్లో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి. ఆ రోజు మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ ఉండదు. మీ చేతిలో ఇంకా పదిహేను రోజులున్నాయి. ఆవరణలో ఒక మీటరు కర్ర పాతి, రోజూ ఒకే సమయానికి నీడ ఫోటో తీయించండి. ఇక్కడ ఆగస్టు నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12:24 ప్రాంతంలో. ఇప్పుడు నీడ దక్షిణం వైపు ఉంటుంది. 18 దాటాక ఉత్తరం వైపు తిరుగుతుంది. పుస్తకంలో ఎన్ని బొమ్మలు వేసినా పిల్లలకు రాని సంగతి ఇది, ఎందుకంటే ఒక్క రోజులో కనిపించదు. జ్ఞాపకం ఉన్న పలక కావాలి.

కర్ర నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకోండి. సూర్యుడి వైపు ఎవరూ చూడకూడదు, కెమెరా కూడా పైకి ఎత్తకూడదు. అది మొదటి నియమం.

పెరంబూర్ టీచర్ | ఆగస్టు 3, రాత్రి 8:10

మాస్టారూ, చెన్నై కూడా దాదాపు అదే అక్షాంశం మీద ఉంది కదా! మేమూ చేస్తాం. మాకు మీకంటే పది నిమిషాల ముందే నీడ చిన్నదవుతుంది, మేం తూర్పున ఉన్నాం కాబట్టి. ఆ పది నిమిషాలు ఎందుకో రెండు క్లాసుల పిల్లల్నీ అడుగుదాం.

కేఆర్‌పురం టీచర్ | ఆగస్టు 23, రాత్రి 9:15

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

రెండు రోజులు గడువు అడిగి 6వ తేదీన మొదలుపెట్టాం. మొదటి రోజే ఫోటో తీసిన నాలుగు గుంపుల్లో నీడ నాలుగు పొడవులుగా కనిపించింది. ఎవరిది కరెక్టు అని పెద్ద గొడవ. ఒక పిల్ల వంగి తీసింది, ఒకడు బెంచీ ఎక్కి తీశాడు, ఇంకొకరు పక్కనుంచి తీశారు. నేనేం చెప్పలేదు. పది నిమిషాలు వాదించుకుని, అందరూ ఒకే చోట నిలబడాలని వాళ్లే తేల్చారు. సుద్దముక్కతో నేల మీద రెండు పాదాలు గీశారు. ఆ పాదాల్లో నిలబడే తీయాలి. మర్నాడు ఇంకొకరు, ఫోటోలో పొడవు ఎలా తెలుస్తుంది మిస్ అని అడిగారు. అప్పుడు నీడ పక్కన స్కేలు పెట్టడం మొదలైంది. కొలత గురించి నేను ఏడేళ్లుగా చెప్తున్న పాఠం వాళ్లు రెండు రోజుల్లో నాకు చెప్పారు.

మూడో రోజు నీడ ఉన్నట్టుండి మారింది. నిన్నటి ఫోటో పక్కన పెట్టి చూస్తే కర్ర కాస్త వాలింది. మాస్టారు చెప్పిన రాయి, దారం తీశాం, రాళ్లు పేర్చి సరిచేశాం. పాత ఫోటో లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

14వ తేదీన నీడ రెండున్నర సెంటీమీటర్లు, దక్షిణం వైపు. తర్వాత వరసగా సెలవులు. 18న బడి ఉంది కానీ పొద్దున్నుంచి మబ్బు. 12:24కి 36 మందీ ఆవరణలో నిలబడ్డారు, ఎండ రాలేదు. పిల్లల మొహాలు చూడలేకపోయాను. 19నా మబ్బే. 20న ఎండ వచ్చింది. నీడ దాదాపు ఒక సెంటీమీటరు, ఉత్తరం వైపు.

చూసీ చూడగానే ఒక అబ్బాయి, ఇది తప్పు మిస్, ట్యాబ్ తలకిందులుగా పట్టుకున్నారు అన్నాడు. ఫోటోలో గోడ ఎటుందో చూడమన్నాను. గోడ అక్కడే ఉంది. అప్పుడు మొత్తం ఫోటోలు వరసగా జరుపుతూ చూశారు. ఒక గుంపు నోటుబుక్కులో రోజుకు అర సెంటీమీటరు చొప్పున తగ్గిస్తూ వచ్చింది. 14న రెండున్నర, 15న రెండు, 16న ఒకటిన్నర, 17న ఒకటి, 18న అర, 19న సున్నా. నీడ 19న పోయింది మిస్ అన్నారు. నిజంగా నీడ పోయే 18వ తేదీకి, వాళ్ల లెక్కకు ఒక్క రోజే తేడా. మనం చూడని రోజు కూడా మనకు తెలిసింది అని వాళ్లు అరిచిన అరుపుకు పక్క క్లాసు మేడమ్ వచ్చి చూశారు.

సరిగ్గా జరగనివి కూడా చెప్పాలి. నంబరు 7 ట్యాబుకు రెండుసార్లు ఛార్జింగ్ అయిపోయింది, ఆ గుంపు వేరేవాళ్లలో కలిసింది. ఏడు నిమిషాల గంట మొదటి వారం నేనే మర్చిపోయేదాన్ని. ఇప్పుడు ఒక పిల్లకు గడియారం అప్పగించాను. చదువు రికార్డింగు వారానికి ఆరుగురికే కుదురుతోంది, వరండాలో కూడా చప్పుడే. వారం మొత్తం మీద ఒక్కో పిల్ల చేతిలో ట్యాబు ఉన్నది గంట కూడా కాదు.

అనంతపురం మాస్టారు | ఆగస్టు 24, ఉదయం 6:05

అమ్మా, రెండుసార్లు చదివాను. కర్ర తీసేయకండి. డిసెంబరు దాకా వారానికి ఒక్క ఫోటో చాలు, నీడ ఉత్తరం వైపు పెరుగుతూనే పోతుంది. ఎక్కడ ఆగుతుందో పిల్లల్ని ముందే గీత గీసి పెట్టమనండి.

పెరంబూర్ టీచర్ | ఆగస్టు 24, ఉదయం 9:20

మాకు 18న కాసేపు ఎండ వచ్చింది, 12:13కి సీసా నీడ సీసా కిందే దాక్కుంది. మీ పిల్లలకు ఆ ఫోటో కావాలంటే పంపిస్తాను. మా పిల్లలు మాత్రం మీ సుద్ద పాదాల ఫోటో అడుగుతున్నారు, మేం అది అనుకోలేదు, మా ఫోటోలు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి.

హొరమావు అమ్మ | ఆగస్టు 24, మధ్యాహ్నం 12:40

టీచర్ గారూ, ఇలా అయితే మా వాడి బడిలో కూడా అడుగుతాను. ఇంట్లో ఫోన్ విషయంలో మాత్రం నా మాట మారదు. మీరు పంపిన అనుమతి కాగితం ఇక్కడ పెట్టగలరా? కన్నడలో కూడా ఉంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడతాను.

కేఆర్‌పురం టీచర్ | ఆగస్టు 24, మధ్యాహ్నం 3:05

తప్పకుండా అండి. తెలుగుది నేనే రాశాను, కన్నడది మా కన్నడ మిస్ రాసిచ్చారు. రేపు స్కూల్లో స్కాన్ చేసి రెండూ పెడతాను. పెరంబూర్ మేడమ్, మీ సీసా ఫోటో పంపండి, సోమవారం 12:24కి కర్ర పక్కనే చూపిస్తాను.